ఎండాకాలంలో నీటి అంచున పిట్టల్ని చూడటం: నల్లగొండ, పాలమూరు వాళ్లకు సమగ్ర మార్గదర్శి

మనకు సముద్రం లేదు. బీచికి పోవాలంటే నల్లగొండ నుంచే ఒక పూట ప్రయాణం, పాలమూరు నుంచైతే చెప్పక్కర్లేదు. కానీ ఏప్రిల్‌లో శ్రీశైలం బ్యాక్‌వాటర్ వెనక్కి జరిగాక ఒకసారి కొల్లాపూర్ దగ్గరి సోమశిల రేవులో నిలబడి చూడండి. ఎదురుగా కనుచూపు మేర బురద, మధ్యలో ఇసుక దిబ్బలు, పాయలు పాయలుగా నీళ్లు, నెత్తిమీద రివర్ టెర్న్‌ల (నది మీద తిరిగే చీలిక తోక పిట్టల) అరుపులు. ఉప్పు వాసన ఒక్కటే తక్కువ. నది సముద్రంలో కలిసే చోట పక్షులు దేనికోసం చేరతాయో మన ప్రాజెక్టుల వెనకాల, ఎండుతున్న చెరువుల్లో కూడా దానికోసమే చేరతాయి: మోకాలి లోతు నీళ్లు, మెత్తటి బురద, అందులో పురుగులు, నత్తలు, చేపపిల్లలు.

పిట్టలు చూడటానికి చలికాలమే సీజన్ అంటారు. నిజమే, వలస బాతులన్నీ అప్పుడే వస్తాయి. కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఎండాకాలమే చెప్తాను. చలికాలంలో బురద నిండా ఒకేలా కనిపించే బూడిద రంగు ఉల్లంకులు (బురదలో ముక్కు గుచ్చి తిరిగే చిన్న పిట్టలు) ఉంటాయి, పుస్తకం ముందు పెట్టుకున్నా తల తిరుగుతుంది. ఏప్రిల్ ఆఖరుకి వాటిలో చాలావరకు ఉత్తరానికి వెళ్లిపోతాయి. మిగిలేవి ఎక్కువగా మన ఊరి పక్షులే, అవి కూడా గూళ్లు పెట్టే కాలం కాబట్టి పెళ్లి బట్టల్లో ఉంటాయి. పైగా నీళ్లు ఎంత తగ్గితే అంత దగ్గరదగ్గరగా చేరతాయి. మార్చిలో పెద్ద చెరువంతా వెతకాల్సిన కొంగలు మేలో ఒక్క మడుగు చుట్టూ కనిపిస్తాయి.

ముందు నీటి మట్టం చూసుకోండి

ఈ పని అందరూ మరిచిపోతారు. పిట్టల కోసం కాదు, నీళ్ల కోసం వెతకాలి. పేపర్లో జిల్లా పేజీలో రోజూ ప్రాజెక్టుల నీటిమట్టాలు వేస్తారు కదా, అదే మన క్యాలెండర్. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590. నిండుగా ఉన్నప్పుడు ఒడ్డు ఏటవాలుగా రాళ్లతో ఉంటుంది, పిట్టకు కాలు మోపే చోటుండదు, మనకు చూడటానికి ఏమీ ఉండదు. మట్టం పడిపోతున్నకొద్దీ బురద బయటపడుతుంది. సోమశిలకు ఎదురుగా అవతలి గట్టున సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటికి వచ్చిందన్న వార్త చూశారంటే ఇక బైనాక్యులర్స్ తుడుచుకోవచ్చు.

మామూలు చెరువులైతే మీ ఊరిదే చాలు. శిఖం (చెరువు లోపలి) భూమిలో గడ్డి మొలిచి మేకలు మేస్తుంటే, మధ్యలో మాత్రం చేపలు పట్టేవాళ్లు ఇంకా వలలు వేస్తుంటే, అది సరైన సమయం. పూర్తిగా ఎండిపోయాక వెళ్తే తీతువులు, పిచ్చుకలు తప్ప ఏం దొరకవు. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం ఈ లెక్కలోకి రాదు. చెరువు కందూరు చోడుల కాలం నాటిదే అయినా ఇప్పుడు దానిలోకి కృష్ణా నీళ్లు ఎత్తిపోస్తున్నారు, అందుకే మేలో కూడా నీళ్లుంటాయి. చుట్టుపక్కల చెరువులన్నీ ఎండినప్పుడు అక్కడి పక్షులు ఇక్కడికే వస్తాయి. బస్సు దిగి నడిచిపోయేంత దగ్గర. మొదటిసారి వెళ్లేవాళ్లు అక్కడే మొదలుపెట్టండి.

సంగమాలు ఇష్టమైతే మనకు కొదవలేదు. కృష్ణమ్మ తెలంగాణలోకి అడుగుపెట్టే తంగడి దగ్గర భీమా కలుస్తుంది, అలంపూర్ దిక్కున తుంగభద్ర కలుస్తుంది, మిర్యాలగూడ దాటాక వాడపల్లిలో మూసీ కలుస్తుంది. రెండు నదులు కలిసేచోట సాధారణంగా ఇసుక, ఒండ్రు మేట వేస్తుంది, వేసవిలో అది దిబ్బగా తేలుతుంది.

ఎప్పుడు బయల్దేరాలి

మే నెలలో పొద్దు 5:45 ప్రాంతంలో పొడుస్తుంది. ఆ సమయానికి మీరు ఇంట్లో కాదు, నీటి ఒడ్డున ఉండాలి. ఎనిమిదిన్నరకు వెనక్కి తిరగండి. ఇది ఆరోగ్యం కోసం చెప్పే మాట మాత్రమే కాదు. తొమ్మిది దాటితే వేడెక్కిన బురద మీద గాలి అలలు అలలుగా కదులుతుంది, ఎండమావులు అంటాం చూడండి, అదే. అప్పుడు ఎంత ఖరీదైన బైనాక్యులర్స్ పెట్టి చూసినా పిట్ట కరిగిపోతున్నట్టు కనిపిస్తుంది, కాళ్ల రంగు కూడా చెప్పలేరు. సాయంత్రం ఐదు తర్వాత ఇంకో విడత వెళ్లొచ్చు. సాయంత్రానికి ఉన్న గొప్పతనం ఏమిటంటే పొద్దుగూకే ముందు చిన్న ప్రాటిన్‌కోల్స్ గుంపుగా నీళ్లమీద పురుగుల్ని పట్టుకుంటూ ఎగురుతాయి. చూడటానికి వానకోయిలల్లా ఉంటాయి కానీ ఇసుక రంగు. కింద వాలాయంటే ఇసుకలో కలిసిపోతాయి, మీ కళ్లముందు ముప్పై ఉన్నా మూడే కనిపిస్తాయి.

పొద్దున వెళ్లేటప్పుడు తూర్పు గట్టు మీద, సాయంత్రం పడమటి గట్టు మీద ఉండాలి. సూర్యుడు మీ వీపు వెనకాల ఉండాలన్నమాట. ఈ ఒక్కటి తప్పితే పక్షులన్నీ నల్లగా నీడల్లా కనిపిస్తాయి, ఇంటికొచ్చి ఫొటోలు చూసుకుంటే అన్నీ కాకులే.

వెంట ఏముండాలి

బైనాక్యులర్స్ మీద 8x42 అని రాసి ఉంటే తీసుకోండి. ఎనిమిది అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా, 42 అంటే ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. పది రెట్లవి, పన్నెండు రెట్లవి అని ఆశపడితే చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు కనిపిస్తుంది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పును కిందికి తిప్పేయండి. వాడే పద్ధతి కూడా ఒకటుంది: పిట్టను కంటితో చూస్తూ, చూపు తిప్పకుండా బైనాక్యులర్స్‌ని కళ్లకు ఆనించాలి. కొత్తవాళ్లు తల దించి, బైనాక్యులర్స్ సర్దుకుని, మళ్లీ ఎత్తి వెతుకుతారు, ఈలోపు పిట్ట ఎగిరిపోతుంది.

ఇక మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక బాటిల్ సల్ల, టోపీ లేదా తువ్వాలు, మట్టి రంగు బట్టలు, పిక్కల దాకా వచ్చే బూట్లు, చిన్న నోట్‌బుక్కు, పెన్సిల్. కెమెరా ఉంటే మంచిదే కానీ మొదటి నాలుగు నడకలకు ఇంట్లో పెట్టి రమ్మనే చెప్తాను. కెమెరా ఉన్నవాడు పిట్టను చూడడు, స్క్రీన్‌ని చూస్తాడు. తల నొప్పిగా, వికారంగా అనిపిస్తే పిట్టల సంగతి వదిలేసి నీడకు వచ్చేయండి, రోహిణి కార్తె ఎండతో పంతాలు వద్దు.

బురదలో ఎలా నడవాలి

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను దిగబడ్డాను కాబట్టి. పైకి పెంకుల్లా పగిలిన బురద గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక మే నెలలో అలాంటి చోటే, అవతల నిలబడ్డ తెడ్డుమూతి కొంగల కోసం తొందరపడి నాలుగు అడుగులు వేశాను. ఐదో అడుగుకి మోకాలి దాకా పోయాను. కాలు లాగితే బూటు లోపలే ఉండిపోయింది. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన దూరం నుంచే, "బిడ్డా, గుంజకు, ఇంకా పోతవ్. వెనక్కి కూసో" అని అరిచాడు. వెనక్కి కూర్చుని, బరువంతా నడుం మీద వేసి, ఒక్కో కాలు మెల్లగా తిప్పుతూ తీస్తే వచ్చింది. బయటపడ్డాక ఆయన చెప్పిన మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు: "మేకలు నడిచిన తొవ్వల నడువు, బర్ల తొవ్వల నడవకు." మేక ఒళ్లు తడవకుండా చూసుకుంటుంది, బర్రె బురద కోసమే పోతుంది.

అందుకే మేక డెక్కల గుర్తులు లోతు లేకుండా ఉన్నచోటే అడుగు వేయండి. ఒక కర్ర చేతిలో ఉంచుకుని ముందు అది గుచ్చి చూడండి. ఒంటరిగా బురదలోకి దిగకండి. డ్యాముల దిగువన, గేట్ల కింద ఉన్న రాళ్ల మీదికి అసలే వెళ్లకండి, నీళ్లు ఎప్పుడు వదులుతారో మీకు తెలియదు. కృష్ణలో మొసళ్లున్నాయి, జూరాల చుట్టుపక్కల రైతుల్ని అడిగితే చెప్తారు, కాబట్టి నీటి అంచుకు బాగా ఇవతలే ఉండటం మంచిది. సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున చాలా చోట్ల అడవి మొదలవుతుంది, అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పరిధి అయితే అనుమతి లేకుండా లోపలికి నడవకూడదు.

దగ్గరికి పోవడం కాదు, దగ్గరికి రానివ్వడం

నేరుగా పక్షి వైపు నడిస్తే ఎగిరిపోతుంది. పక్కకు పోతున్నట్టు ఏటవాలుగా నడవండి, పది అడుగులకోసారి ఆగండి, ఆగినప్పుడు వేరేవైపు చూడండి. ఇంకా మంచిది ఏమిటంటే, ఒక తుమ్మచెట్టు నీడ చూసుకుని ఇరవై నిమిషాలు కూర్చోవడం. మొదటి ఐదు నిమిషాలు ఏమీ ఉండదు, బోర్ కొడుతుంది. తర్వాత మిమ్మల్ని మరిచిపోయి అవే వస్తాయి.

అలా కూర్చున్నప్పుడే ఒకసారి తీతువు చేసే పని చూశాను. అది నీళ్ల దాకా నడిచి వచ్చి, పొట్ట మునిగేంత లోతులో కూర్చుని, కోడి మట్టిలో పొర్లినట్టు ఈకలు రేపుకుంటూ ఊగింది. స్నానం చేస్తోంది కాబోలు అనుకున్నాను. కానీ రెక్కలు తడపలేదు, తల తడపలేదు. లేచి, పొట్ట ఈకల నుంచి నీళ్లు కారుతుండగానే, రెండు అడుగులు ఇటు, రెండు అడుగులు అటు, దొంగలా చూసుకుంటూ రాళ్ల మధ్యకు పోయి కూర్చుంది. అక్కడ గుడ్లున్నాయి. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా పొట్ట తడుపుకుని వచ్చి చల్లబరుస్తోంది. రాత్రిపూట తీతువు కూస్తే అపశకునం అంటారు మన దగ్గర. పాపం, ఆ పిట్ట ఏ కుక్కో నక్కో గుడ్ల దగ్గరికి వస్తోందని గోల పెడుతుంది తప్ప, మన ఇంటి మంచిచెడ్డలతో దానికేం పని?

ఎవరు ఎవరో గుర్తుపట్టడం

రంగుతో మొదలుపెట్టకండి. ఎంత సైజు, ముక్కు ఎలా ఉంది, కాళ్లు ఎంత పొడవు, ఏం చేస్తోంది, ఈ నాలుగూ చూశాకే రంగు.

తెల్ల కొంగలతో మొదలుపెడితే బాగుంటుంది, ఎందుకంటే అవి ప్రతిచోటా ఉంటాయి, అందరూ వాటిని ఒకటే అనుకుంటారు. చిన్నదానికి ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు, చెప్పులు వేసుకున్నట్టు ఉంటుంది. నీళ్లలో కాలు ఆడించి చేపల్ని లేపుతుంది. పశువుల వెంట తిరిగేదానికి వేసవిలో తల, మెడ, వీపు మీద నారింజ రంగు వస్తుంది. అన్నిటికంటే పెద్దదాన్ని గుర్తుపట్టాలంటే నోటి మూల గీత చూడండి, అది కంటిని దాటి వెనక్కి పోతుంది. ఇక మన గుడ్డికొంగ. చలికాలంలో మట్టి రంగులో ఒడ్డున కూర్చుంటే కాలు తగిలేదాకా తెలియదు. మే, జూన్‌లలో దాని వీపు ముదురు మెరూన్ రంగుకు తిరుగుతుంది, కొత్తవాళ్లు దాన్ని చూసి ఏదో అరుదైన పక్షి దొరికిందని ఫోన్ చేస్తుంటారు.

ఎర్రకాళ్ల కొంగ తినే తీరు మాత్రం తప్పకుండా చూడాల్సింది. పసుపు రంగు ముక్కును సగం తెరిచి నీళ్లలో ముంచి, తల అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. కంటితో వెతకదు. చేప ముక్కు లోపలికి తగలగానే టక్కున మూసేస్తుంది. అందుకే దానికి కలక నీళ్లైనా ఒకటే. పక్కనే తెడ్డుమూతి కొంగ ఉంటే రెండింటినీ పోల్చి చూడండి, దానిది చివర గరిటెలా వెడల్పైన ముక్కు, గడ్డి కోసే కొడవలిలా ఊపుతుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, అది పిల్లల్లో ఉండదు, పెద్దయ్యాక వస్తుంది.

నల్లగా, రెక్కలు ఆరేసుకుని కూర్చున్నవి నీటికాకులు. మునిగి ఎక్కడో తేలే చిన్న ఉండలాంటిది బుడబుంగ. ముక్కు చివర పసుపు చుక్క ఉన్న బాతు కనిపిస్తే అది ఏడాది పొడుగునా ఉండే మన బాతే. తామరాకుల మీద నడిచే పొడుగు తోక జకానాకు ఆ తోక వేసవి నుంచి వానల దాకానే ఉంటుంది. దాంట్లో గుడ్లు పొదిగేది మగదే.

దిబ్బల మీద ఉండేవాటిలో రివర్ టెర్న్ రాజు. ముక్కు పసుపు, కాళ్లు ఎరుపు, నెత్తి మీద నల్ల టోపీ, తోక కత్తెరలా చీలి ఉంటుంది. పొట్ట ముదురు బూడిద రంగులో, ముక్కు ఎర్రగా ఉంటే అది వేరే టెర్న్, ఇంకొన్నాళ్లలో వెళ్లిపోయే వలసపక్షి. ఎర్రటి సన్న కాళ్లు పుల్లల్లా పొడుగ్గా, రెక్కలు నల్లగా ఉంటే స్టిల్ట్. రాళ్ల మీద కదలకుండా, పెద్ద పసుపు కళ్లతో మిమ్మల్నే చూస్తున్న లావు ముక్కు పక్షి కనిపిస్తే ఆ రోజు మీ అదృష్టం, దాన్ని గ్రేట్ థిక్‌నీ అంటారు.

నీళ్ల దాకా పోయే దారిని కూడా వదలకండి. మన రాష్ట్ర పక్షి పాలపిట్టను దసరా రోజు మాత్రమే వెతుకుతాం కానీ, దాని అసలు ఆట చూడాలంటే ఎండాకాలమే. ఆకాశంలోకి ఎగిరి, అరుస్తూ, దొర్లుతూ కిందికి పడుతుంది. పాలమూరు బీడు భూముల్లో అయితే పొద్దెక్కాక శాండ్‌గ్రౌజ్‌లు (పావురమంత నేల పిట్టలు) జతలుగా, గుంపులుగా నీళ్లకు వస్తాయి. మగది పొట్ట ఈకల్లో నీళ్లు నింపుకుని పిల్లల దగ్గరికి మోసుకుపోతుంది. వీటి కోసం ఒక్కరోజు మాత్రం తొమ్మిది దాకా నీడలో ఆగొచ్చు.

గూళ్ల దగ్గర

టెర్న్‌లు, ప్రాటిన్‌కోల్స్, తీతువులు, స్టిల్ట్‌లు అన్నీ నేల మీదే గుడ్లు పెడతాయి. గూడంటే పెద్దగా ఏం ఉండదు, ఇసుకలో చిన్న గుంట, గులకరాళ్లు. గుడ్లు కూడా రాళ్ల రంగే. పక్షి మీ నెత్తిమీద తిరుగుతూ అరుస్తోందంటే మీరు గూటికి దగ్గరలో ఉన్నారని అర్థం. అక్కడే ఆగి, కాళ్ల కింద చూసుకుని, మీ అడుగుల్లోనే అడుగులు వేస్తూ వెనక్కి రండి.

ఇది నేర్చుకోవడానికి నేను చేసిన తప్పు చెప్తాను. కెమెరా కొత్తలో పుట్టి వేసుకుని ఒక దిబ్బ మీదికి పోయాను. టెర్న్‌లన్నీ ఒక్కసారిగా లేచాయి, అబ్బ ఏం ఫొటో అనుకుని పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను. ఆ పది నిమిషాలు గుడ్లు నీడ లేకుండా ఎండలో ఉన్నాయి. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కాకి దిగి ఒక గుడ్డు ఎత్తుకుపోయింది. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఎవరికీ చూపించలేదు. రివర్ టెర్న్ ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా ముప్పు జాబితాలో ఉన్న పక్షి. దిబ్బ మీద గుడ్లున్న కాలంలో పుట్టి దిగకండి, ఒడ్డునుంచే చూడండి. కుక్కను వెంట తీసుకుపోకండి. గూడు లొకేషన్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. గుడ్లను, గూళ్లను కదిలించడం, పాడుచేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

లెక్క రాసుకోవడం

ఇంటికొచ్చాక గుర్తుచేసుకుని రాస్తే సగం అబద్ధాలు వస్తాయి, నేను హామీ ఇస్తున్నా. అక్కడే రాయండి: తేదీ, సమయం, చోటు, నీళ్లు ఎంతవరకు ఉన్నాయి, ఏ పక్షి ఎన్ని. పెద్ద గుంపు ఉంటే ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకుని, అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడండి. గుర్తుపట్టలేనివాటికి పేరు కల్పించకుండా "తెలియని ఉల్లంకి" అని రాయడానికి సిగ్గుపడకండి.

ఫోన్లో పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్ పెట్టుకుంటే నడక మొదలుపెట్టినప్పుడు లిస్టు ఆన్ చేసి ముగిశాక పంపొచ్చు, ఉచితమే. మెర్లిన్ యాప్ కూతల్ని బట్టి పేరు చెప్తుంది కానీ అది చెప్పిందల్లా నమ్మకండి, పిట్టను కంటితో చూశాకే రాయండి. మే రెండో శనివారం సాధారణంగా ప్రపంచమంతా ఒకేరోజు పక్షుల్ని లెక్కపెట్టే గ్లోబల్ బిగ్ డే వస్తుంది, మీ ఊరి చెరువు పేరుతో ఆ రోజు ఒక లిస్టు ఉంటే బాగుంటుంది. 1930ల మొదట్లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాష్ట్రంలో పక్షుల సర్వే చేస్తూ మన అమ్రాబాద్ అడవుల్లో కూడా తిరిగాడు. అప్పటి నోట్సు ఉంది కాబట్టే ఇవాళ పోల్చి చూసుకోగలుగుతున్నాం. మన చెరువులకు అలాంటి పాత లెక్కలు దాదాపు లేవు, ఆ ఖాళీ మీ నోట్‌బుక్కుతో నిండుతుంది.

మృగశిర కార్తె వచ్చి మొదటి వాన పడ్డాక శిఖంలోకి దిగడం ఆపేయండి, ఎండిన బురద ఒక్క రాత్రిలో జిగురవుతుంది. అప్పుడు కట్ట మీదే నడవండి. తలమీద కుచ్చుతో, పైన నలుపు కింద తెలుపుగా ఉండే పొడుగు తోక పిట్ట ఒకటి తుమ్మకొమ్మ మీద "ప్యూ ప్యూ" అంటూ కూస్తే అదే చాతకం, ఆఫ్రికా నుంచి వానల వెంట వస్తుంది. అది మొదట కనిపించిన తేదీ రాసి పెట్టుకోండి, వచ్చే ఏడాది మళ్లీ చూసుకోవచ్చు.